చేబదులు అద్దం

శుక్రవారం మధ్యాహ్నం,
షాపు కౌంటరు దగ్గర నుంచి.

నానమ్మకు,

నమస్కారం పెడితే "ఏం కావాలే నీకు?" అని అడిగే మనిషివి నువ్వు. అయినా పెడుతున్నాను. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. నాన్న మోకాలు మెట్లెక్కేటప్పుడు తప్ప మాట్లాడటం లేదు. అమ్మ ఎప్పటిలాగే ఉంది, అంటే అందరికంటే బాగుంది. నీ ఉత్తరం మంగళవారం అందింది. అది చదివాక రెండు రోజులు నేను మాత్రం కులాసాగా లేను.

ముందు నా ఫిర్యాదు విను, తర్వాత నీ ప్రశ్నలకు జవాబులు రాస్తాను. "కాలేజీ చదువు నీకు నేర్పింది పెద్దవాళ్ళ మాట తీసిపారెయ్యడమేనా?" అని రాశావు. షాపు ముందు బెంచీ మీద మగవాళ్ళతో సమానంగా కూర్చుని హత్య కేసు గురించి వాదిస్తున్నానట. నీ సాక్ష్యానికి వంకలు పెడుతున్నానట. దీనికంతటికీ మూలం డిఫెన్సు తరఫు కుర్ర లాయరట. ఎవరు చేరవేశారో నువ్వు రాయలేదు గానీ, కుర్ర లాయరును నువ్వు రాసినట్టు "ఆ సన్నపాటి అబ్బాయి" అనేది మన ఇంట్లో నాన్న ఒక్కడే.

నానమ్మా, ఆ అబ్బాయి మన షాపుకొచ్చింది నా కోసం కాదు, తన ముక్కు కోసం. ఆ ముక్కు మీద ఏ కళ్ళజోడూ నిలవదు. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ ఫ్రేము కాళ్ళు వంచి ఇచ్చాను, మూడుసార్లూ జారింది. ఇందులో మీ అందరికీ ఏం కనిపించిందో నాకు అర్థం కాలేదు. మన ఇంట్లో నేను ఏం చేసినా దానికి రెండే అర్థాలు. పెళ్ళి కావాలనో, వద్దనో. మొదటి ఉద్యోగం మానేస్తే పెళ్ళి మీద మనసు పడిందన్నారు. రెండోది మానేస్తే పెళ్ళంటే భయమన్నారు. ఆ ఆఫీసులో పని లేక రోజంతా పిన్నుల డబ్బా సర్దుతూ కూర్చోవాల్సి వచ్చేదని నేను చెబితే ఎవరూ విన్లేదు. నువ్వు కూడా విన్లేదు. మిగతావాళ్ళ సంగతి సరే, నువ్వు విననందుకే నాకు కష్టం.

ఇక నీ ప్రశ్నలు. నీ కుర్చీ కిటికీ దగ్గరే ఉంది. అమ్మ దాని మీద మడత దుప్పట్లు పెడుతోంది, నేను తీస్తున్నాను, మళ్ళీ పెడుతోంది. నీ చెవి చుక్కల మందు సీసా దొరికింది, గడువు దాటిపోయింది, అత్తయ్య ఊళ్ళోనే కొత్తది కొనుక్కో. ఎదురింటి టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోలీసులు వేసిన తాళం ఇంకా అలాగే ఉంది. బోర్డు మీద ఒక మూల రంగు లేచిపోతోంది.

ఆ చప్పుడు లేకపోతే వీధికి వీధే చెవిటిదైపోయినట్టుంది. పొద్దున్న ఆరింటి బ్యాచి మొదలవగానే నువ్వు కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి చేరేదానివి. కళ్ళు మూసుకుని వింటూ, "ఈ పిల్ల చిటికెన వేలు వాడటం లేదు. ఇదిగో, ఈ అబ్బాయికి రాత్రి నిద్ర లేదు" అనేదానివి. ఒకసారి నేను పరుగెత్తుకుని వెళ్ళి టైపు మాస్టారిని అడిగాను. మూడో మిషను మీద కూర్చున్న అమ్మాయి నిజంగానే చిటికెన వేలు ముడుచుకుని కొడుతోంది. మాస్టారు కిటికీలోంచి నీకు దండం పెట్టి, "మీరు రండి పెద్దమ్మగారూ, నేను రిటైరైపోతాను" అని అరిచాడు. ఊళ్ళో సగం మందితో గొడవపడే మనిషి నీతో మాత్రం నవ్వుతూ మాట్లాడేవాడు.

ఆయన పోయి ఐదు నెలలవుతోంది.

కోర్టు సంగతులు రాయమన్నావు. సాక్షులందరి విచారణా అయిపోయింది. వచ్చే బుధవారం వాదనలు. ఆ తర్వాత తీర్పే. మాస్టారిని చంపాడని పట్టుకెళ్ళిన టైపు మిషన్ల మెకానిక్ ఇంకా జైల్లోనే ఉన్నాడు, బెయిలు రాలేదు. బెంచీ మీద మాత్రం తీర్పు రోజుకొకటి వెలువడుతోంది.

ఆ బెంచీని నువ్వు ఎరుగుదువు. అద్దాలు తయారయ్యేదాకా జనం కూర్చోవడానికని తాతయ్య వేయించాడు. ఇప్పుడు దాని మీద కూర్చునేవాళ్ళలో ఒక్కరికీ అద్దాలతో పని లేదు. కోర్టు మొదలైన దగ్గర నుంచి నాలుగయ్యేసరికి హెడ్మాస్టరుగారు వస్తారు, ఇస్త్రీ తాత బండి నీడన పెట్టి వస్తాడు, లా పాయింటు బాబాయి పేపరు చంకలో పెట్టుకుని వస్తాడు. విచారణ వార్త ఆయన చదవాలి, మిగతావాళ్ళు వినాలి. అది రివాజు.

ఆ రోజు ఏం జరిగిందో, నేను "వాదించింది" ఏమిటో ఉన్నదున్నట్టు రాస్తాను. మూడు వారాల కిందటి మాట. నేను లోపల ఒక ఫ్రేముకు మర బిగిస్తున్నాను. బాబాయి చదవడం ఆపి మొదలెట్టాడు.

"సెక్షను ప్రకారం చూస్తే, మాస్టారి పక్కన స్క్రూడ్రైవరు దొరికినంత మాత్రాన..."

"నీకు సెక్షన్లెక్కడివయ్యా? రైల్లో ముప్ఫై ఏళ్ళు టిక్కెట్లు చింపావు" అన్నాడు ఇస్త్రీ తాత.

"చింపలేదు. ఇచ్చాను. చింపేవాళ్ళు వేరే."

"ఏదో ఒకటి. కోటు వేసుకోలేదుగా."

హెడ్మాస్టరుగారు చేతికర్ర నేలకు తాటించారు. క్లాసులో బెత్తంతో బల్ల మీద కొట్టేవారే, అచ్చం అలాగే.

"ఇద్దరూ ఆగండి. స్క్రూడ్రైవరు వాడిదే. టైపు మిషన్లు బాగుచేసేవాడి స్క్రూడ్రైవరు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కాక మంగలి షాపులో ఉంటుందా? అది సాక్ష్యమే కాదు. పోతే, గొడవ. పిల్లలందరి ముందూ మాస్టారు వాణ్ణి దొంగ అన్నాడు, వాడు చెయ్యెత్తాడు. నిజమే. ఆ మాస్టారి మీద చెయ్యెత్తాలని నాకూ రెండుసార్లు అనిపించింది, నన్ను పట్టుకెళ్ళలేదే? ఇక మిగిలింది పెద్దమ్మగారి చూపు. సాయంత్రం ఆరూ ముప్పావుకు వాడు సంచీ భుజాన వేసుకుని గేటులోంచి బయటికొస్తుంటే ఆవిడ చూసింది. వాడేమో నాలుగింటికే వెళ్ళిపోయి కాలవ గట్టున ఒక్కణ్ణే కూర్చున్నానంటాడు. కేసంతా ఆవిడ కుడి కంటి మీద నిలబడింది."

"అబ్బో, ఆ కన్ను!" అని లా పాయింటు బాబాయి అందుకున్నాడు. ఇక నీ గడియారం కథ. దాన్ని ఆయన కనీసం నలభైసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ లేచి నిలబడి రెండు గొంతులతో చెబుతాడు. డిఫెన్సు పెద్ద లాయరు, "ఎడమ కంట్లో శుక్లం ఉంది కదమ్మా?" అన్నాడు. "ఉంది బాబూ. చూడాల్సినవాళ్ళను చూడ్డానికి కుడి కన్నుంది. మీలాంటివాళ్ళ కోసం ఎడమ కన్ను ఉంచుకున్నాను" అన్నావు నువ్వు. కోర్టంతా నవ్వింది. ఆయన ఉక్రోషం పట్టలేక, "అయితే ఆ గోడ గడియారంలో టైమెంతో చెప్పండి" అన్నాడు. "పదకొండూ ఇరవై మూడు. నాలుగు నిమిషాలు వెనకబడింది, సరిచేయించండి. మీ కోటుకు రెండో గుండీ కూడా లేదు." జడ్జిగారు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ తర్వాత నాన్న బోనెక్కి, మన షాపు కార్డు చూపించి, మా అమ్మ కుడి కన్ను మైనస్ నాలుగు, అద్దం నేనే చేసిచ్చాను, సంతకం నాదే అని చెప్పాడు. దాంతో నీ చూపు గురించి ఎవరికీ అనుమానం మిగల్లేదు.

ఆ రోజు కోర్టు హాల్లో రెండో వరసలో నేను కూర్చున్నాను. అందరితో పాటు నేనూ నవ్వాను. ఈ ఉత్తరంలో అన్నిటికంటే ఈ మాట రాయడమే కష్టంగా ఉంది.

సరే, బెంచీ దగ్గరికి వస్తాను. గడియారం కథ అయ్యాక ఇస్త్రీ తాత బీడీ ఆర్పి, "అంతా బానే ఉంది గానీ, ఆ మబ్బు మాటే నాకు ఎక్కలేదండీ" అన్నాడు.

"ఏం మబ్బు?"

"పెద్దమ్మగారు పోలీసులకు చెప్పారుగా, సాయంత్రం మబ్బు పట్టి ఉన్నా మనిషిని పోల్చుకున్నానని. మీరే చదివారు. ఆ రోజు మబ్బెక్కడిది? ఆస్పత్రి దుప్పట్లు నలభై ఆరేశాను. రెండింటికల్లా అట్టముక్కల్లా బిగిసిపోయాయి. చీకటిపడేదాకా ఎండ చురచురలాడుతూనే ఉంది."

"వయసయ్యా, వయసు," అన్నారు హెడ్మాస్టరుగారు. "ఏ రోజు మబ్బో తెచ్చి ఏ రోజుకో అంటిస్తాం."

"అట్టా అయితే ఏ రోజు మనిషిని తెచ్చి ఏ రోజుకు అంటించారో మరి!"

బాబాయి పేపరు మడత విప్పి మళ్ళీ మడిచాడు. అప్పుడు నేను మర బిగించడం ఆపి, గుమ్మంలోకి వచ్చి, "తాత చెప్పింది నిజం. ఆ రోజు మబ్బు లేదు" అన్నాను.

నానమ్మా, నేను అన్నది అంతే. ఆ మాట నీ దగ్గరికి చేరేలోపు వాదన అయింది, ధిక్కారం అయింది, చివరికి లాయరుతో ప్రేమ కూడా అయింది.

మబ్బు లేకపోయినా నీకు మబ్బు ఎందుకు కనిపించిందో చెప్పాలంటే ముందు చేబదులు డ్రాయరు గురించి రాయాలి. నీకు తెలియనిది కాదు, నాకు రాయాలనిపిస్తోంది.

కౌంటరు కింద ఎడమ వైపు రెండో డ్రాయరు. కళ్ళజోడు రిపేరుకిచ్చిన మనిషి తడుముకుంటూ ఇంటికి వెళ్ళకూడదని తాతయ్య పట్టు. జనం తీసుకెళ్ళకుండా వదిలేసినవి, పాతవిచ్చి కొత్తవి కొనుక్కున్నవి, పోయినవాళ్ళ ఇళ్ళ నుంచి ఎవరో తెచ్చిచ్చినవి అన్నీ అందులో పడేసేవాడు. ఒక్కోదానికీ దారంతో చీటీ కట్టి పవరు రాసేవాడు. సుమారుగా సరిపోయేది తీసి, "ఇల్లు చేరడానికి ఇది చాలు. సూదిలో దారం మాత్రం ఎక్కించకండి" అని ఇచ్చేవాడు. డ్రాయరు లాగితే పాత తోలు వాసన, పసుపుపచ్చగా మారిన ప్లాస్టిక్కు వాసన.

వేసవి సెలవుల్లో నా ఆట అదే. ఒక్కో కళ్ళజోడూ పెట్టుకుని గుమ్మంలో నిలబడి వీధిని చూసేదాన్ని. ఒకదానిలో వీధి దగ్గరికొచ్చి మీద పడేది, ఇంకోదానిలో కాలవ దాకా జారిపోయేది. తాతయ్య నవ్వేవాడు. నువ్వు మాత్రం మెట్ల మీద నుంచే కేకేసేదానివి, "తియ్యి అవి! ఎవరెవరి చూపో నీకెందుకే?" అని. నువ్వు వాటిని ముట్టుకునేదానివి కాదు. ఒకసారి నీ కళ్ళజోడు కాలు విరిగితే మూడు రోజులు ఉత్త కళ్ళతోనే తిరిగావు. ఉప్పనుకుని చక్కెర వేశావు, తాతయ్య మాట్లాడకుండా తిన్నాడు. "ఒకళ్ళ కళ్ళతో నేను చూడను" అన్నావు. నాకు పదేళ్ళు అప్పుడు. ఆ మాట నచ్చి నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

ఇప్పుడు మాస్టారు పోయిన రోజు సంగతి.

నాన్న సరుకుకు వెళ్ళాడు, మూడో రోజుకు గానీ రాడు. షాపులో నేనొక్కదాన్నే ఉన్నాను. నాలుగున్నరకు నువ్వు కిందికి దిగి, కళ్ళజోడు ఒక చేతిలో, ఊడిన కుడి అద్దం ఇంకో చేతిలో పట్టుకుని వచ్చావు. అద్దం అంచు మూల చిట్లింది, మళ్ళీ బిగించే వీలు లేదు. నీ పవరు అద్దం షాపులో లేదు. నాన్న సరుకులో రావాలి. చేబదులుది ఇస్తే నువ్వు పెట్టుకోవు. ఐదింటికి కాలేజీ హాల్లో నాటకం ఉంది, నా స్నేహితురాలు రెండు టిక్కెట్లు పట్టుకుని వీధి చివర నిలబడి ఉంది. నువ్వు కుర్చీలో కూర్చుని, "ఎంతసేపే? నాకు అటు గోడే కనిపించడం లేదు" అన్నావు.

నీ ఫ్రేము తాతయ్య నాటి గుండ్రటి గోధుమరంగుది. అలాంటివి ఆయన డజన్ల కొద్దీ తెప్పించి ఊరంతా పెట్టాడు. చేబదులు డ్రాయరులో అదే ఫ్రేము ఇంకోటి ఉంది. చీటీ చూశాను. మైనస్ ఒకటిన్నర. నీకు కావలసింది మైనస్ నాలుగు. వేడి ఇసుక పెట్టెలో రెండు ఫ్రేములూ మెత్తబరిచి, దాని కుడి అద్దం తీసి నీ ఫ్రేములో బిగించాను. ఐదు నిమిషాల పని. ఎక్కడా చిన్న సందు కూడా లేకుండా కూర్చుంది. మూడో రోజు నాన్న రాగానే మార్చేద్దాం, ఈలోగా ఆవిడ ఇంట్లోనే కదా ఉండేది, అనుకున్నాను. నీకు చెప్పలేదు. చెబితే పెట్టుకోవు, నాకు టైము లేదు.

నువ్వు పెట్టుకుని వీధిలోకి చూశావు. జేబురుమాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశావు. నీకు సరిగ్గా కనిపించడం లేదని నాకు తెలిసింది. నువ్వు ఆ మాట అనవని కూడా తెలుసు. ఈ ఇంట్లో అద్దాలు బాగాలేవని అనడం తాతయ్యను అన్నట్టని నీ లెక్క. "ఈవేళ మబ్బు పట్టినట్టుందే" అన్నావు.

నేను కౌంటరు తుడుస్తూ, "ఊఁ" అన్నాను.

ఆ "ఊఁ" అన్నాక రెండు గంటలకు నువ్వు పైన కిటికీ దగ్గర కూర్చుని, ఎదురింటి గేటులోంచి సంచీ భుజాన వేసుకుని వెళ్ళే మనిషిని చూశావు. మర్నాడు పోలీసులు వచ్చి అడిగితే మెకానిక్ అని చెప్పావు. మూడో రోజు నాన్న సరుకు తెచ్చాడు. నీ పాత అద్దం పగిలిందని చెప్పి సరైనది చేయించుకున్నాను. మధ్యలో నువ్వు ఏ అద్దంతో తిరిగావో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు మార్చేశాను. చేబదులుదాన్ని మళ్ళీ దాని ఫ్రేములో పెట్టి డ్రాయరులో పడేశాను. కోర్టులో గడియారం చూసింది సరైన అద్దంతో. గేటు చూసింది వేరే అద్దంతో. నాన్న చూపించిన కార్డులో అబద్ధం లేదు, నువ్వు చెప్పినదానిలోనూ లేదు. ఆ రెండింటి మధ్యా నేను బిగించిన అద్దం ఒకటుంది. దాని సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇస్త్రీ తాత మాట అన్న ఆదివారం సాయంత్రం నేను నీ కుర్చీలో కూర్చున్నాను. కళ్ళు పరీక్ష చేసే ఫ్రేములో, నీ కంటికి ఆ అద్దంతో ఎంత లోటు పడుతుందో అంత మసక నాకు వచ్చేలా అద్దాలు వేసుకున్నాను. ఎడమ కంటికి నల్ల బిళ్ళ పెట్టాను. ఆరూ ముప్పావు దాకా ఆగాను. వీధి దీపం వెలిగింది, దాని చుట్టూ బూజు పట్టినట్టుంది. ఎవరో మనిషి భుజాన సంచీతో గేటు ముందు నుంచి వెళ్ళాడు. నడక, భుజం వంపు, తల అన్నీ చూశాను. మెకానిక్. ఒట్టు నానమ్మా, మెకానిక్కే అనుకున్నాను. జైల్లో ఉన్న మనిషి మన వీధిలో నడుస్తుంటే నా కళ్ళతో నేను చూశాను. ఫ్రేము లాగేసి చూస్తే లా పాయింటు బాబాయి. భుజాన కూరల సంచీ.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. నువ్వు ఆ గడియారాన్ని చదివిన తీరు తలుచుకుంటే, నిన్ను చూసి ఊరంతా మెచ్చుకున్నది తలుచుకుంటే, నా వల్ల కాలేదు. వాదనల్లో ఎలాగూ కేసు కొట్టేస్తారులే, నేను చెప్పక్కర్లేదులే అని రోజులు నెట్టుకొచ్చాను.

ఈ సోమవారం మెకానిక్ వాళ్ళమ్మ షాపుకొచ్చింది. కొడుకు జైలు నుంచి రాసిన కార్డు చదువుకోవడానికి అద్దాలు కావాలట. ఇన్నాళ్ళూ పక్కింటివాళ్ళ చేత చదివించుకుంటోంది, ఇప్పుడు వాళ్ళు తలుపు తియ్యడం లేదట. నాన్న భోజనానికి వెళ్ళాడు. నేనే పరీక్షకు కూర్చోబెట్టాను. అక్షరాల బోర్డులో మూడో వరస దగ్గర ఆగిపోయింది. అద్దం మారుస్తూ, "ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగాను. ఆవిడ బోర్డు వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"మీ నానమ్మ ఎలా ఉందమ్మా?"

"బాగుందండీ. అత్తయ్య దగ్గరుంది."

"ఆవిడ మీద నాకేం లేదు. నిజంగానే లేదు. వాడు పుట్టినప్పుడు మొదట వచ్చి చూసింది ఆవిడే. అబద్ధం చెప్పే మనిషి కాదు" అని కార్డును మోకాలి మీద పెట్టి సాపు చేసింది. "మొదట్లో నమ్మలేదమ్మా. నా కొడుకు అలాంటివాడు కాదని అందరితో పోట్లాడాను. కానీ పెద్దమ్మగారు చూశానందంటే చూసే ఉంటుంది కదా? నేనే కన్నాను గానీ వాణ్ణి సరిగ్గా చూసుకోలేదేమో. కిందటి వారం జైలుకెళ్ళి, ఎందుకు చేశావురా అని అడిగాను. వాడు నా మొహం వంక చూసి లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ పిలిస్తే రాలేదు."

నా చేతిలో అద్దం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా నాకు తోచలేదు.

ఆవిడకు పవరు రాసిచ్చి, చదువుకునే అద్దాలు అప్పటికప్పుడు చేసిచ్చాను. బెంచీ మీద కూర్చుని కార్డు చదువుకుంది. చాలా చిన్న కార్డు. చాలాసేపు చదివింది.

నిన్న పొద్దున్న షాపు తలుపులు తియ్యకముందే నాన్నకు చెప్పాను. అంతా చెప్పాను. చేబదులు డ్రాయరు లాగి ఆ కళ్ళజోడు చేతిలో పెట్టాను. కుడి అద్దం అంచున నా పటకారు గీత ఉంది. ఆయన దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు, చీటీ చదివాడు, మళ్ళీ చూశాడు.

"నేను కోర్టులో కార్డు చూపించాను. నా సంతకం ఉంది" అన్నాడు.

"కార్డు సరైనదే నాన్నా."

"ఎవరు నమ్ముతారు? షాపువాడు తల్లి కోసం కార్డు రాసుకున్నాడంటారు. ఇక ఎవరొస్తారు ఈ షాపుకు?"

"తెలీదు."

"మీ నానమ్మను ఈ వయసులో నలుగురి ముందూ అబద్ధాలకోరును చేస్తావా?"

"ఆవిడ అబద్ధం చెప్పలేదు. అబద్ధం బిగించింది నేను."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. మోకాలు పట్టుకున్నాడు. తర్వాత తలెత్తకుండానే, "వాడే చేసి ఉంటే? నువ్వెళ్ళి చెప్పాక వాణ్ణి వదిలేస్తే? మాస్టారు మన ఎదురింటి మనిషి" అన్నాడు.

"వాడే చేసి ఉండొచ్చు నాన్నా. అది నాకు తెలీదు. నానమ్మకూ తెలీదు. నాకు తెలిసింది ఆ ఒక్క ముక్కే."

"అదైనా ఇప్పుడా చెప్పేది? కోర్టులో మీ నానమ్మ నిలబడ్డ రోజున లేచి చెప్పాల్సింది."

"అవును."

చివరికి ఆయన, "ముందు మా అమ్మకు రాయి. ఆవిడ జవాబు వచ్చాక ఏం చెయ్యాలో చూద్దాం" అని తలుపులు తీశాడు. ఇవాళ పొద్దున్నుంచి నాతో మాట్లాడటం లేదు గానీ, భోజనానికి వెళ్తూ ఇంకు సీసా నా పక్కన పెట్టి వెళ్ళాడు.

నానమ్మా, నువ్వు ఇది చదివి ఏమనుకుంటావో ఊహించగలను. మసక చూపుతో చూశావన్నందుకు కాదు, నీకు తెలియకుండా ఎవరి చూపో నీ కంటికి తగిలించినందుకు నీకు ఎక్కువ కోపం వస్తుంది. అది నీ హక్కు. ఆ మూడు రోజులూ నువ్వు చూసినవాటిలో ఏది నీది, ఏది కాదు అని నువ్వు కూర్చుని ఏరుకోవాల్సి వస్తుంది. పోలీసులు అడిగినప్పుడు మొహం చూశావా, సంచీ చూసి మనిషిని పోల్చుకున్నావా అన్నది నీకే తెలుసు. నాకు రాయక్కర్లేదు. కోర్టు మళ్ళీ పిలిస్తే అక్కడ చెప్పు.

నిన్న సాయంత్రం ఐదింటికి డిఫెన్సు పెద్ద లాయరు ఆఫీసుకు వెళ్ళాను. జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆ కళ్ళజోడు కవరులో పెట్టి అప్పగించి రసీదు తీసుకున్నాను. నన్ను సాక్షిగా పిలవమని సోమవారం అర్జీ వేస్తారు. ఒప్పుకుంటే బుధవారం పదిన్నరకు బోనెక్కుతాను. ఈ ఉత్తరం నీకు మంగళవారం అందుతుంది. నీ జవాబు కోసం ఆగడం లేదు.

ఇట్లు,
నీ కొడుకు కూతురు